అంచనా వేసి, తీసి, సరిచూసుకుని: ఫోటోగ్రఫీ నేర్చుకునే పద్ధతి

నిండు చంద్రుణ్ణి మొదటిసారి ఫోటో తీసిన వారందరికీ దాదాపు ఒకే అనుభవం ఎదురవుతుంది. కంటికి మచ్చలతో సహా స్పష్టంగా కనిపించిన బింబం ఫోటోలో మాత్రం ఏ వివరమూ లేని తెల్లని చుక్కగా పడుతుంది. రాత్రివేళ కాబట్టి వెలుతురు చాలలేదేమోనని ఐఎస్‌ఓ (పడిన వెలుతురును ఎంత ప్రకాశంగా చూపాలో చెప్పే అమరిక) పెంచితే ఆ చుక్క మరింత తెల్లబడి, దాని చుట్టూ ఒక కాంతివలయం కూడా చేరుతుంది. ఇక్కడ పనికివచ్చే సిద్ధాంతం చాలా చిన్నది. చంద్రుడు చీకటిలో ఉన్న వస్తువు కాదు, నేరుగా ఎండ పడుతున్న రాతినేల. సూర్యుడికి భూమి ఎంత దూరమో చంద్రుడూ దాదాపు అంతే దూరం గనుక, పట్టపగలు ఎండలో ఉన్న ముదురు రంగు నేలను తీయడానికి ఎంత ఎక్స్‌పోజర్ (ఫోటోకు ఇచ్చే వెలుతురు మోతాదు) కావాలో నిండు చంద్రుడికీ ఇంచుమించు అంతే సరిపోతుంది. ఐఎస్‌ఓ 100, అపర్చర్ (లెన్స్ రంధ్రపు పరిమాణం) ఎఫ్ 11, షటర్ స్పీడ్ (షటర్ తెరిచి ఉండే సమయం) 1/125 సెకను దగ్గర మొదలుపెడితే మచ్చలు కనిపిస్తాయి.

ఈ సంగతిని పుస్తకంలో చదివి మాత్రమే తెలుసుకున్నవారు చీకట్లో కెమెరా మీద ఏ డయల్ ఎక్కడుందో వెతుక్కుంటూ ఉండగానే చంద్రుడు మబ్బు చాటుకు వెళ్లిపోతాడు. చదవకుండా క్లిక్‌లు కొడుతూ పోయినవారు యాభయ్యో ప్రయత్నంలో సరైన సంఖ్యలను పట్టుకోగలరు గానీ, అవి ఎందుకు సరైనవో తెలియదు కాబట్టి, గ్రహణం పట్టిన చంద్రుడి విషయంలో మళ్లీ గుడ్డెద్దు చేలో పడ్డట్టు మొదటికి వస్తారు. సిద్ధాంతమూ అభ్యాసమూ రెండూ కావాలని అందరూ ఒప్పుకుంటారు. ఆ రెంటినీ ఎక్కడ కలపాలన్నదే చిక్కు. క్లిక్ చేయడానికి ముందు ఫలితం ఎలా ఉంటుందో అంచనా వేసి, తీసిన తరువాత ఆ అంచనా ఎంత తప్పిందో చూసుకునే చోట అవి కలుస్తాయని నా అభిప్రాయం. ఈ వ్యాసంలోని అభ్యాసాలన్నీ ఆ పద్ధతి మీదనే నడుస్తాయి.

నోటుపుస్తకంలో ఏమి రాయాలి

అపర్చర్, షటర్ స్పీడ్, ఐఎస్‌ఓ, ఫోకల్ లెంత్ (లెన్స్ దృశ్యాన్ని ఎంత విశాలంగా లేదా ఎంత దగ్గరగా చూపుతుందో తెలిపే మిల్లీమీటర్ల కొలత), తీసిన సమయం వంటి వివరాలను డిజిటల్ కెమెరా ప్రతి ఫైలులోనూ తానే నమోదు చేస్తుంది గనుక వాటిని మళ్లీ చేతితో రాసుకోవలసిన అవసరం లేదు. కెమెరా నమోదు చేయలేనిది మీ మనసులోని ఉద్దేశం. అందువల్ల ప్రతి అభ్యాసానికీ మూడు ముక్కలు రాస్తే చాలు: దేనిని మారుస్తున్నాను, ఏమి జరుగుతుందని అనుకుంటున్నాను, నిజంగా ఏమి జరిగింది. రెండవ ముక్కను క్లిక్ చేయడానికి ముందే రాయడం ముఖ్యం. ఫోటో చూసిన తరువాత రాస్తే, ‘నేనూ ఇలాగే అనుకున్నాను’ అని మనసు మనలను సులభంగా మోసం చేస్తుంది. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలన్నది మరో నియమం. రెండు మారిస్తే ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో చెప్పలేము.

ఖరీదైన కెమెరా కోసం ఆగనక్కరలేదు. షటర్ స్పీడ్‌నూ ఐఎస్‌ఓనూ చేతితో అమర్చుకునే వీలున్న ఫోను ఉన్నా ఇక్కడి అభ్యాసాలలో చాలా భాగం చేయవచ్చు. కాకపోతే చాలా ఫోన్లలో అపర్చర్ మారదు కాబట్టి, దానికి సంబంధించినవాటికి మాత్రం లెన్స్ మార్చగలిగిన పాత కెమెరానైనా ఎరువు తెచ్చుకోవడం మంచిది.

ఎక్స్‌పోజర్: సంఖ్యలను స్టాపులుగా చూడడం

సెన్సర్ (కెమెరాలో వెలుతురును నమోదు చేసే భాగం) మీద ఎంత వెలుతురు పడాలో అపర్చర్, షటర్ స్పీడ్ నిర్ణయిస్తాయి. పడిన వెలుతురును ఎంత ప్రకాశంగా చూపాలో ఐఎస్‌ఓ నిర్ణయిస్తుంది. ఈ మూడింటినీ కలిపి లెక్కించే కొలత స్టాప్. ఒక స్టాప్ పెరగడమంటే రెట్టింపు కావడం, తగ్గడమంటే సగం కావడం. షటర్ స్పీడ్‌లోనూ ఐఎస్‌ఓలోనూ ఇది తేటతెల్లంగానే కనిపిస్తుంది. 1/60 నుంచి 1/125కు వెళితే వెలుతురు సగమవుతుంది, 100 నుంచి 200కు వెళితే ప్రకాశం రెట్టింపవుతుంది. అపర్చర్ వరుస మాత్రం 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని వింతగా ఉండి కొత్తవారిని బెదరగొడుతుంది. ఎఫ్ సంఖ్య అంటే లెన్స్ ఫోకల్ లెంత్‌ను దాని రంధ్రపు వ్యాసంతో భాగించగా వచ్చినది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో ఎఫ్ 2 అంటే 25 మిల్లీమీటర్ల వ్యాసం. లోపలికి వచ్చే వెలుతురు రంధ్రపు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అందుచేత వెలుతురు సగం కావాలంటే ఎఫ్ సంఖ్యను 2తో కాక 2 వర్గమూలంతో, అంటే సుమారు 1.4తో గుణించాలి. ఈ సంగతి ఒకసారి అర్థమైతే వరుసను బట్టీ పట్టే అవసరం ఉండదు. 1, 1.4 అన్న రెండు సంఖ్యలను గుర్తుంచుకుని ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేస్తూ పోతే మిగిలినవన్నీ దాదాపుగా వస్తాయి.

ఇప్పుడు చేతికి పని చెప్పాలి. ఐఎస్‌ఓ 100 వద్ద, 1/125 సెకను, ఎఫ్ 8తో ఒక దృశ్యం సరిగా వచ్చిందనుకోండి. అంతే ప్రకాశంతో మరో రెండు ఫోటోలు తీయాలి: ఒకటి ఎఫ్ 4తో, మరొకటి ఎఫ్ 16తో. షటర్ స్పీడ్ ఎంత ఉండాలో ముందే కాగితం మీద లెక్కవేసి, ఆ తరువాతే కెమెరా పట్టుకోవాలి. జవాబులు 1/500, 1/30. మూడు ఫోటోలూ ఒకే ప్రకాశంతో వస్తే లెక్క సరైనదే. కానీ అవి ఒకే ఫోటోలు కావు. కదిలే వస్తువులు, వెనుక ఉన్న చెట్లు మూడింటిలో మూడు రకాలుగా కనిపిస్తాయి. ప్రకాశం సమానంగా ఉన్నా స్వభావం వేరుగా ఉన్న ఈ మూడు ఫోటోలను పక్కపక్కన పెట్టి చూసిన రోజున ఎక్స్‌పోజర్ అంటే ఏమిటో నిజంగా తెలుస్తుంది.

షటర్ స్పీడ్ ఎంత ఉండాలన్నదానికి కూడా చిన్న లెక్క ఉంది. మామూలుగా నడిచే మనిషి సెకనుకు సుమారు 1.4 మీటర్లు కదులుతాడు. అంటే 1/30 సెకనులో దాదాపు 5 సెంటీమీటర్లు, 1/500 సెకనులో 3 మిల్లీమీటర్ల లోపు. మొదటిదానిలో మనిషి చెదిరి కనిపిస్తాడనీ, రెండవదానిలో నిలిచిపోయినట్టు ఉంటాడనీ ముందుగానే చెప్పవచ్చు. అయితే ఆ మనిషి మీ ఎదుట అడ్డంగా నడుస్తున్నాడా, మీవైపే వస్తున్నాడా అన్నదానిని బట్టి ఫలితం మారుతుంది. మీవైపే వస్తున్నప్పుడు 1/60 కూడా సరిపోవచ్చు. ఈ తేడాను నేను చదివి తెలుసుకోలేదు, నోటుపుస్తకంలో వరుసగా తప్పిన అంచనాల వల్ల గమనించాను.

మీటర్ లేకుండా వెలుతురును అంచనా వేయడానికి ఫిల్ము రోజుల నుంచి వస్తున్న సూత్రం ఒకటుంది. మబ్బులేని ఎండలో అపర్చర్‌ను ఎఫ్ 16 వద్ద పెట్టి, ఐఎస్‌ఓ ఎంత ఉందో సెకనులో అన్నో వంతును షటర్ స్పీడ్‌గా పెట్టాలి. ఐఎస్‌ఓ 100 అయితే సుమారు 1/100 అన్నమాట. పలుచని మబ్బుకు ఎఫ్ 11, పూర్తిగా మబ్బు పట్టితే ఎఫ్ 8, దట్టంగా ముసురుకుంటే ఎఫ్ 5.6. ఒక వారంపాటు, బయటికి వెళ్లిన ప్రతిసారీ ఆకాశం చూసి సంఖ్యలు మనసులో అనుకుని, తరువాత కెమెరా మీటర్‌తో పోల్చి చూడండి. వారాంతానికి ఒక స్టాప్ తేడా లోపలికి వస్తే కన్ను కుదురుకుంటున్నట్టే.

మీటర్ ఎక్కడ పొరబడుతుంది

నేర్చుకునేవారు అన్నిటికన్నా ఎక్కువ సమయం గడపవలసిన చోటు ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే ఆటోమేటిక్ మోడ్‌లో వచ్చే చెడ్డ ఫోటోలలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది. కెమెరాలోని మీటర్ వస్తువు మీద పడుతున్న వెలుతురును కొలవదు, వస్తువు నుంచి తిరిగి వస్తున్న వెలుతురును కొలుస్తుంది. ఎదుట ఉన్నది తెల్లగోడా నల్లకంబళా అన్నది దానికి తెలియదు గనుక, ఏది ఎదురుపడినా అది మధ్యస్థమైన బూడిద రంగులో ఉన్నదన్న ఊహతో లెక్క కడుతుంది. ఆ బూడిద రంగును తన మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని పరావర్తనం చేసేదిగా చెప్పడం పరిపాటి. కొత్త కెమెరాలు ముఖాలను గుర్తుపట్టి కొంత సర్దుబాటు చేసుకుంటాయి గానీ, అడుగున ఉన్న తర్కం ఇదే.

దీనిని పరీక్షించడానికి ఒక తెల్లకాగితం, ఒక నల్లగుడ్డ చాలు. రెండింటినీ ఒకే నీడపట్టున ఉంచి, ఒక్కొక్కటీ ఫ్రేమ్ అంతా నిండేటట్టు ఆటోమేటిక్‌గా ఒక్కో ఫోటో తీయండి. రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో వస్తాయి. నలుపూ తెలుపూ ఒకే రంగుగా మారిపోవడాన్ని తన ఫోటోలోనే చూసినవారు మీటర్‌ను ఇక గుడ్డిగా నమ్మరు. తరువాత ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటర్ లెక్కకు కొన్ని స్టాపులు కలిపే లేదా తగ్గించే అమరికను) ఉపయోగించి తెల్లకాగితాన్ని తెల్లగా, నల్లగుడ్డను నల్లగా రాబట్టాలి. కాగితానికి ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పెంచవలసి వస్తుంది, గుడ్డకు అదే స్థాయిలో తగ్గించవలసి వస్తుంది. చాలామంది దీనిని తలకిందులుగా ఊహిస్తారు. తెల్లగా మెరిసే వస్తువు కాబట్టి వెలుతురు తగ్గించాలని అనుకుంటారు. అలా అనుకుని పొరబడినవారికే ఈ పాఠం బాగా నిలుస్తుంది.

ఈ జ్ఞానం అవసరానికి ఎలా అక్కరకు వస్తుందో చెప్పడానికి అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ఉదంతానికి మించినది లేదు. 1941 నవంబరు 1 సాయంత్రం న్యూ మెక్సికోలో కారులో వెళుతుండగా, హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు ఉదయించి ఉండడమూ, సమాధుల దగ్గరి తెల్లని శిలువల మీద చివరి ఎండ పడుతుండడమూ ఆయన కంటపడింది. పెద్ద కెమెరాను హడావిడిగా నిలబెట్టారు గానీ, ఎక్స్‌పోజర్ మీటర్ మాత్రం దొరకలేదు. చంద్రబింబపు ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అన్న సంగతి గుర్తుకు వచ్చి, దాని ఆధారంగా లెక్కకట్టి ఒక ఫోటో తీశారు. రెండవది తీసేందుకు ఫిల్ము హోల్డరును తిప్పేలోగా శిలువల మీది ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి వచ్చిన చిత్రమే ఆయన ఫోటోలలో అత్యంత ప్రసిద్ధమైనది. అక్కడ ఆయనకు కలిసివచ్చింది అదృష్టం మాత్రమే అనడం సరికాదు. సంఖ్య తలలో ఉన్నది, దానిని క్షణాలలో అపర్చర్‌గా, షటర్ స్పీడ్‌గా మార్చగల అలవాటు చేతిలో ఉన్నది.

మనకు అంత కష్టం లేదు. తీసిన వెంటనే హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో ఏ ప్రకాశం ఎంత మేర ఉందో చూపే గీత, కనిపిస్తుంది. ఎడమ అంచు నలుపు, కుడి అంచు తెలుపు. గీత మధ్యలో కొండలా ఉంటేనే ఫోటో మంచిదన్న మాట నిజం కాదు. నల్లపిల్లిని చీకట్లో తీస్తే గీత ఎడమకే ఒదగాలి. కుడి అంచుకు గుద్దుకుని నిలువుగా లేచిందా అన్నది మాత్రం తప్పక చూడాలి. అలా జరిగిన చోట వివరం నమోదు కాలేదని అర్థం. దానిని తరువాత కంప్యూటర్‌లో తిరిగి తెప్పించబోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

నాయిస్ గురించి ఒక అపోహ

ఐఎస్‌ఓ పెంచితే ఫోటోలో ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుందని అందరూ చెబుతారు. అనుభవంలో అది నిజంగానే కనిపిస్తుంది గానీ, కారణం వేరు. వెలుతురు ఫోటాన్లు అనే రేణువులుగా వస్తుంది, వాటి రాక వాన చినుకుల్లా క్రమం లేకుండా ఉంటుంది. ఒక పిక్సెల్‌కు సగటున 100 ఫోటాన్లు చేరితే, ఆ సంఖ్యలో హెచ్చుతగ్గులు దాని వర్గమూలమంత, అంటే సుమారు 10 ఉంటాయి. ఇది 10 శాతం. 10,000 ఫోటాన్లు చేరితే హెచ్చుతగ్గులు 100, అంటే 1 శాతమే. కాబట్టి నాయిస్‌కు ముఖ్యకారణం వెలుతురు తక్కువ కావడం, ఐఎస్‌ఓ ఆ లోటును పైకి కనిపించేటట్టు చేస్తుందంతే.

పరీక్షించదలచినవారు మసక వెలుతురులో కదలని వస్తువును ఎంచుకుని, అపర్చర్, షటర్ స్పీడ్ మార్చకుండా రెండు రా ఫైళ్లు (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే ఫైళ్లు) తీయాలి: ఒకటి ఐఎస్‌ఓ 3200తో సరైన ప్రకాశంలో, మరొకటి ఐఎస్‌ఓ 400తో మూడు స్టాపులు చీకటిగా. రెండవదానిని కంప్యూటర్‌లో మూడు స్టాపులు పెంచి, మొదటిదానితో పోల్చాలి. ఐఎస్‌ఓ తక్కువ కాబట్టి రెండవది శుభ్రంగా ఉంటుందని ఊహించినవారు ఆశ్చర్యపోతారు. చాలా కెమెరాలలో రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, కొన్నిటిలో రెండవదే కాస్త అధ్వాన్నంగా ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష తరువాత ఐఎస్‌ఓ అంటే ఉన్న భయం పోతుంది, షటర్ స్పీడ్‌ను ప్రమాదకరంగా తగ్గించి ఫోటోలను చెదరగొట్టుకోవడం ఆగుతుంది.

ఇదే సందర్భంలో నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఒక రాత్రి ఐఎస్‌ఓ 6400 పెట్టి తీసిన నేను, మరునాడు పట్టపగలు ఒక వేడుకలో సగం ఫోటోలు అదే అమరికతో తీసేశాను. అప్పటి నుంచి కెమెరాను సంచిలో పెట్టే ముందే అమరికలన్నీ ఒక స్థిరమైన స్థానానికి తిప్పుకుంటున్నాను. ఏ సిద్ధాంతమూ చెప్పని ఇటువంటి అలవాట్లు కూడా విద్యలో భాగమే.

నిలబడే చోటు, లెన్స్, స్పష్టత

వైడ్ లెన్స్ (విశాలంగా చూపేది) ముక్కును పెద్దది చేస్తుందనీ, టెలీ లెన్స్ (దూరపు వాటిని దగ్గరగా చూపేది) దూరాలను కుదించివేస్తుందనీ తరచుగా వింటాం. నిజానికి ఆ మార్పు చేసేది లెన్స్ కాదు, మనం నిలబడే దూరం. ముక్కు కొనకూ చెవికీ మధ్య దూరం 12 సెంటీమీటర్లు అనుకుందాం. ముక్కుకు 50 సెంటీమీటర్ల దూరంలో కెమెరా ఉంటే చెవి 62 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది గనుక, ముక్కుతో పోలిస్తే అది 81 శాతం పరిమాణంలోనే పడుతుంది. 2 మీటర్ల దూరానికి వెనక్కు వెళితే అదే చెవి 94 శాతం పరిమాణంలో పడుతుంది, అందుకే ముఖం సహజంగా కనిపిస్తుంది. వైడ్ లెన్స్‌తో ముఖం ఫ్రేమ్ నిండాలంటే దగ్గరకు వెళ్లక తప్పదు కాబట్టి నేరం లెన్స్ మీద పడింది. ఒకే వ్యక్తిని ఒకే దూరం నుంచి రెండు ఫోకల్ లెంత్‌లతో తీసి, వైడ్ ఫోటోలో ముఖం ఉన్న భాగాన్ని కత్తిరించి పోల్చండి. స్పష్టతలో తేడా ఉంటుంది గానీ ముఖం ఆకారంలో తేడా ఉండదు. దీనివల్ల వచ్చే అలవాటు విలువైనది: ముందు కాళ్లతో చోటు ఎంచుకోవాలి, తరువాత జూమ్‌తో హద్దు గీయాలి.

ఫోకస్ పెట్టిన చోటికి ముందూ వెనుకా ఎంత మేర స్పష్టంగా కనిపిస్తుందో దానిని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. అపర్చర్ పెద్దదైనకొద్దీ, దగ్గరకు వెళ్లినకొద్దీ, ఫోకల్ లెంత్ పెరిగినకొద్దీ అది తగ్గుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (35 మిల్లీమీటర్ల ఫిల్ము ఫ్రేమ్ అంత సెన్సర్ ఉన్నది) మీద 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో 2 మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే, ఎఫ్ 2 వద్ద ఆ మేర సుమారు 20 సెంటీమీటర్లు, ఎఫ్ 8 వద్ద సుమారు 80 సెంటీమీటర్లు. బల్ల మీద ఒక కొలత టేపును పరచి, ఏటవాలుగా చూస్తూ ఒక అంకె మీద ఫోకస్ పెట్టి, ఎన్ని అంకెలు చదవగలుగుతున్నామో ఒక్కో అపర్చర్ వద్దా లెక్కపెట్టడం దీనికి మంచి అభ్యాసం. ఎఫ్ 22 వరకూ వెళితే మరో వింత కనిపిస్తుంది. స్పష్టమైన మేర పెరుగుతుంది గానీ, ఫోకస్ పెట్టిన అంకె సైతం కొద్దిగా మెత్తబడుతుంది. సన్నని రంధ్రం గుండా వెళ్లే వెలుతురు అంచుల వద్ద వంగి చెదరడం, అంటే వివర్తనం, దీనికి కారణం.

చేతితో పట్టుకుని తీసేటప్పుడు షటర్ స్పీడ్ ఫోకల్ లెంత్‌కు విలోమంగా ఉండాలన్నది పాత సూత్రం: 50 మిల్లీమీటర్లకు 1/50, 200 మిల్లీమీటర్లకు 1/200. సెన్సర్ చిన్నదైతే ఇంకొంచెం వేగం కావాలి. ప్రతివారి చేతి నిలకడ వేరు గనుక, ఒక్కో వేగంతో పదేసి ఫోటోలు తీసి ఎన్ని స్పష్టంగా వచ్చాయో లెక్కపెట్టుకుంటే మీ చేతికి వర్తించే సూత్రం మీకే దొరుకుతుంది.

వెలుతురును చదవడం

కెమెరా పక్కన పెట్టి నేర్చుకోవలసినది ఇది. ఒక తెల్లని కోడిగుడ్డు, ఒక కిటికీ, ఒక దీపం ఉంటే నెలకు సరిపడే పాఠాలు ఉన్నట్టే. గుడ్డుకు రంగూ మెరుపూ లేవు, ఉన్నదల్లా ఆకారమే. ఆ ఆకారాన్ని చూపేది నీడ మాత్రమే కాబట్టి వెలుతురు చేసే పని దాపరికం లేకుండా బయటపడుతుంది.

మొదట దిశ. గుడ్డును కిటికీ ఎదుట పెట్టి, కిటికీకి వీపు పెట్టి చూడండి. అది చదునైన తెల్లని చక్రంలా కనిపిస్తుంది. పక్కకు జరిగితే ఒకవైపు తెలుపు, మరొకవైపు నీడ వచ్చి గుండ్రదనం తెలుస్తుంది. ఇంకా జరిగి కిటికీకి ఎదురుగా వస్తే అంచు మాత్రమే మెరుస్తుంది. గుడ్డు కదలలేదు, వెలుతురు మారలేదు, మారినది మీ చోటే. మనుషులను ఫోటో తీసేటప్పుడు ‘కొంచెం ఇటు తిరగండి’ అనే ముందు, తానే ఎటు జరగవచ్చో ఆలోచించడం దీని నుంచి వస్తుంది.

తరువాత మెత్తదనం. నీడ అంచు కత్తితో కోసినట్టుందా, మెల్లగా కరిగిపోతోందా అన్నది వెలుతురు తీవ్రతను బట్టి కాదు, వస్తువు వైపు నుంచి చూస్తే ఆ వెలుగు మూలం ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదానిని బట్టి ఉంటుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండడం వల్ల ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఆక్రమిస్తాడు, అందుకే ఎండలో నీడలు కరుకుగా ఉంటాయి. మబ్బు పట్టగానే ఆకాశమంతా ఒకే దీపమవుతుంది, నీడలు మాయమవుతాయి. ఈ నియమం తెలిసినవారికి కిటికీ ఒక గొప్ప పరికరం. గుడ్డు కిటికీకి అర మీటరు దూరంలో ఉన్నప్పుడు నీడ అంచు ఎంత మెత్తగా ఉందో, 3 మీటర్ల దూరంలో ఎంత కరుకుగా ఉందో ముందుగా ఊహించి, తీసి పోల్చండి. కిటికీ అదే అయినా దూరమైనకొద్దీ అది చిన్న దీపంగా మారుతుంది.

మూడవది తగ్గుదల. బల్బు వంటి చిన్న మూలం నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు, అంటే రెండు స్టాపులు పడిపోతుంది. దీనిని విలోమ వర్గ నియమం అంటారు. దీపం ముఖానికి అర మీటరు, వెనుక గోడకు 2 మీటర్లు దూరంలో ఉంటే గోడకు పదహారో వంతే చేరి, గోడ చీకటిలోకి జారుతుంది. అదే దీపాన్ని ముఖానికి 4 మీటర్ల దూరం తీసుకుపోతే ముఖానికీ గోడకూ తేడా ఒక స్టాప్ చుట్టుపక్కలకు తగ్గుతుంది. గోడ రంగు మార్చకుండానే దానిని నలుపు నుంచి బూడిదకు మార్చవచ్చన్నమాట. ఎండకు మాత్రం ఈ చిక్కు లేదు. సూర్యుడి నుంచి ఉన్న దూరంతో పోలిస్తే నాలుగు అడుగులు ముందుకో వెనక్కో జరగడం లెక్కలోకి రాదు.

రంగు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు: కొవ్వొత్తి వెలుతురు సుమారు 1900 కెల్విన్, పాతకాలపు ఫిలమెంట్ బల్బు 2800 ప్రాంతం, పట్టపగటి ఎండ 5500, నీలాకాశం కింది నీడ 7000 పైన. సంఖ్య పెరిగినకొద్దీ నీలి ఛాయ ఎక్కువ. రెండు రకాల వెలుతురులు కలిసినప్పుడు ఏ ఒక్క వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెల్లగా చూపేటట్టు రంగును సరిచేసే) అమరికా రెండింటినీ సరిచేయలేదు. ఆ సమయంలో గదిలో దీపం ఆర్పివేయడమే చాలాసార్లు సరైన చికిత్స.

కూర్పు

ఫ్రేమ్‌ను మూడు భాగాలు చేసి గీతల మీద వస్తువును ఉంచాలన్న నియమంతోనే చాలామంది మొదలుపెడతారు, కొందరు అక్కడే ఆగిపోతారు. ఆ నియమం ఫోటోగ్రఫీ కన్నా పాతది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల చిత్రలేఖనం గురించి రాస్తూ దానికి ఆ పేరు పెట్టాడు. దానిని పాటించడం తప్పు కాదు గానీ, దానివల్ల నేర్చుకునేది తక్కువ. అంతకన్నా ఫ్రేమ్ నాలుగు అంచులనూ క్లిక్ చేయకముందు ఒకసారి చుట్టి రావడం ఎక్కువ ఉపయోగకరం. తల వెనుక నుంచి మొలిచినట్టున్న స్తంభం, సగం తెగిన చేయి, మూలన మెరిసే తెల్లని సంచి అప్పుడే కంటపడతాయి.

కూర్పుకు నేను సూచించే అభ్యాసం ఒకటే. ఒకే వస్తువును, ఒకే ఫోకల్ లెంత్‌తో, ఒక గంటలో 36 రకాలుగా తీయాలి. 36 అన్నది ఫిల్ము రోల్ పరిమాణం. మొదటి పది ఫోటోలు అందరూ తీసేవే ఉంటాయి. ఇరవై దాటాక విసుగు వస్తుంది, ఆ విసుగులోనే మోకాళ్ల మీద కూర్చోవడమో, కుర్చీ ఎక్కడమో, నీడను మాత్రమే తీయడమో మొదలవుతుంది. తీసిన తరువాత ఆరింటిని, ఆ ఆరింటిలో ఒకదానిని ఎంచి, ఎందుకు ఎంచారో రెండు వాక్యాలు రాయాలి. ‘బాగుంది’ అన్న మాట ఆ వాక్యాలలో రాకూడదు.

రా ఫైలు, సవరణ

జేపెగ్ ఫైలు ప్రతి రంగుకూ 256 స్థాయిలు మాత్రమే దాచుకుంటుంది. 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలు ఉంటాయి. నీడలను పైకి లేపినప్పుడు, వైట్ బ్యాలెన్స్ మార్చినప్పుడు ఈ తేడా కనిపిస్తుంది. నేర్చుకునే రోజులలో రెండింటినీ కలిపి దాచుకునే అమరిక పెట్టుకుని, కెమెరా తయారుచేసిన జేపెగ్‌ను చూసి, రా ఫైలు నుంచి దానిని తిరిగి మీ చేతితో తయారుచేయడానికి ప్రయత్నించండి. కెమెరా ఎంత కాంట్రాస్ట్, ఎంత పదును, ఎంత రంగు మనకు చెప్పకుండా కలుపుతోందో అప్పుడు అర్థమవుతుంది. రెడీమేడ్ ఫిల్టర్లను మొదటి ఏడాది పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం. అవి ఫలితాన్ని ఇస్తాయి గానీ కారణాన్ని దాచివేస్తాయి.

ఇతరుల ఫోటోల నుంచి

మంచి ఫోటోను చూసి ముచ్చటపడడంతో ఆగకుండా, దానిని వెనక్కి నడిపించి చూడాలి. కళ్లలోని మెరుపుచుక్కను చూస్తే వెలుతురు మూలం ఆకారమూ స్థానమూ తెలుస్తాయి: చదరంగా ఉంటే కిటికీయో సాఫ్ట్‌బాక్సో (వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టెలాంటి దీపం) అయి ఉండవచ్చు, గడియారంలో 10 అంకె ఉండే చోట మెరిస్తే వెలుతురు పైన ఎడమవైపు నుంచి వచ్చినట్టు. ముక్కు నీడ అంచును బట్టి ఆ మూలం ఎంత పెద్దదో, ముందువెనుక వస్తువుల పరిమాణాలను బట్టి ఫోటోగ్రాఫర్ ఎంత దూరాన నిలబడ్డాడో, వెనుక మసకబారిన తీరును బట్టి అపర్చర్ ఎంత తెరిచి ఉందో ఊహించవచ్చు. ఈ ఊహలను నోటుపుస్తకంలో రాసుకుని, అటువంటి ఫోటోను ఇంట్లో దొరికే వస్తువులతో తీయడానికి ప్రయత్నించండి. నకలు అచ్చంగా రాదు. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మీరు ఊహించని అంశం ఒకటి దాగి ఉంటుంది.

ఎంత కాలం పడుతుందని అడిగేవారికి నెలల లెక్క చెప్పడం కష్టం గానీ, వారంలో రెండు పూటలు చొప్పున ఒక్కో అంశానికి రెండు మూడు వారాలు కేటాయిస్తే నిలకడగా సాగుతుంది. ప్రతి వారాంతంలోనూ నోటుపుస్తకం తిరగేసి, అంచనాకూ ఫలితానికీ పొంతన కుదరని ఫోటోను ఒకదానిని వెతకండి. అందంగా వచ్చినవాటి కన్నా ముందు దానినే కంప్యూటర్‌లో పెద్దదిగా తెరిచి, ఫైలులో నమోదైన సంఖ్యలను పక్కన పెట్టుకుని, ఏది ఊహించలేకపోయారో ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యమే వచ్చే వారపు అభ్యాసానికి శీర్షిక అవుతుంది.